రెండు కార్డుల ఇల్లు

మొగుడితో తెగతెంపులు చేసుకుని ఇద్దరు మగపిల్లలతో వచ్చిన ఆడమనిషికి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు మా దొరవారిసత్రంలో తక్కువ. పెళ్ళాం విడిచిపోయిన మగవాడు ఆడపిల్లను వెంటబెట్టుకుని వస్తే ఇచ్చేవాళ్ళు ఇంకా తక్కువ. "మగదిక్కు ఎవరమ్మా?" అని ఆమెను అడిగారు. "ఆడమనిషి లేకుండా ఆడపిల్లనెట్లా సాకుతావయ్యా?" అని అతన్ని అడిగారు. తిరిగి తిరిగి ఇద్దరూ ఒకే ఇంటి ముందుకొచ్చారు. ఇంటాయన చెన్నైలో ఉంటాడు. తాళంచెవులు టీ కొట్టు ఆయన దగ్గర ఉంటాయి. రెండు గదులు, మధ్యలో వసారా, వెనక ఒకటే వంటిల్లు, కరెంటు మీటరూ ఒకటే. అద్దె మాత్రం ఒక్క సంపాదన మీద మోసేది కాదు.

టీ కొట్టాయనే దారి చెప్పాడు. "ఈ అమ్మకు మగదిక్కు లేదంటుండారు, ఈ అబ్బికి ఆడదిక్కు లేదంటుండారు. చెరొక గదిలో ఉండండి, వంటిల్లు కలిపి వాడుకోండి. అడిగేవాళ్ళ నోళ్ళు మూతపడతాయి."

నోళ్ళు మూతపడలేదు. కానీ ఐదుగురికి నీడ దొరికింది. ఇది జరిగి రెండేళ్ళు దాటింది.

ఆమె జాకెట్లు కుడుతుంది. వసారాలో మిషను, గోడకు మేకులు, మేకులకు కుట్టాల్సిన గుడ్డల సంచులు. సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండగ జరిగే రోజుల్లోనూ, పెళ్ళిళ్ళ కాలంలోనూ అర్ధరాత్రి దాకా మిషను చప్పుడు వినిపించేది. అతనిది హైవే పక్కన పంచర్ షాపు. చెన్నై పోయే లారీలు రాత్రిపూటే ఎక్కువ ఆగుతాయి కాబట్టి అతని పని రాత్రిళ్ళు. తెల్లవారి వచ్చి ముగ్గురు పిల్లలకూ నీళ్ళు తోడి, జడ వేసి, బడికి పంపి అప్పుడు పడుకుంటాడు. కూతురికి జడ వేయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. పులికాట్ నుంచి మడవలు వస్తే పులుసు మాత్రం అతనే పెట్టాలి. ఆమె పిల్లలు ఆ పులుసు కోసం ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళు.

ఆమె విడాకులు కోర్టులో తీసుకుంది. హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకారంతో విడిపోవడానికి 1976లో 13-బి సెక్షన్ చేర్చారు. మొదటి అర్జీ వేశాక ఆరు నెలలు ఆగాలి. తగిన కారణం ఉంటే ఆ గడువును కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఆ సంగతి ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. ఆరు నెలలూ పుట్టింటి వసారాలో కూర్చుని, వదిన మాటలు పడుతూ ఆగింది.

అతనిది వేరే దారి. పెద్దమనుషులు కూర్చున్నారు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించారు, ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించారు. మన పల్లెల్లో ఇది తరతరాల పద్ధతి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం చేయించిన వితంతు వివాహం చరిత్రకెక్కింది గానీ, అంతకు ఎంతో ముందు నుంచే చాలా కులాల్లో విడిపోవడమూ ఉంది, మారుమనువూ ఉంది. ఆచారం ప్రకారం వచ్చిన విడాకులకు అదే హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్‌లో చోటుంది. కాకపోతే ఆ ఆచారం తమలో ఉందని రుజువు చేసుకోవాల్సిన బరువు విడిపోయినవాళ్ళ మీదే పడుతుంది. ఆఫీసులో స్టాంపు కాగితం తీస్తే "కోర్టు డిక్రీ ఉందా?" అనే అడుగుతారు. చదువుకోని మనిషి పెద్దల మాట నమ్మి వేలిముద్ర వేస్తే, ఆ తర్వాత ఏ గడపా ఆ కాగితాన్ని నమ్మకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

రేషన్ కార్డులు రెండు. ఆమె కార్డులో ముగ్గురు, అతని కార్డులో ఇద్దరు. మనిషికి ఐదు కిలోల లెక్కన ఆమెకు పదిహేను కిలోల బియ్యం, అతనికి పది. ఆమె మాట మీద నిలబడే మనిషి. ఎవరి సొమ్ము వాళ్ళదేనని మొదటి రోజే చెప్పింది. అందుకని వంటింట్లో రెండు డ్రమ్ములు పెట్టింది, నీలం రంగుది తనది, తెల్లది అతనిది. పొద్దున ఎసరు పెట్టేటప్పుడు నీలం డ్రమ్ములోంచి మూడు గ్లాసులు, తెల్ల డ్రమ్ములోంచి రెండు గ్లాసులు తీసి, ఒకే గిన్నెలో పోసి కడిగేది. గ్లాసు అంచు మీద మిగిలిన గింజలను కూడా వేలితో గీసి ఏ డ్రమ్మువి ఆ డ్రమ్ములో వేసేది. పాప పక్కనే నిలబడి "మూడు, రెండు" అని లెక్కపెట్టేది. అద్దె కూడా అంతే, ఐదు వాటాలు వేసి ఆమె మూడు, అతను రెండు కట్టేవాళ్ళు.

అతను ఆమెను "అక్కా" అంటాడు, వయసులో తనకంటే చిన్నదైనా. ఆమె "అన్నా" అంటుంది. వీధికి ఇది చాలదు. వీళ్ళు అన్నాచెల్లెళ్ళయితే ఆమె కొడుకులకు అతను మామ, అతని కూతురికి ఆమె అత్త. అప్పుడు పిల్లలు బావామరదళ్ళవుతారు. తొమ్మిదేళ్ళ పిల్లను పట్టుకుని "మీ బావ ఎక్కడే?" అని వేళాకోళం చేసేవాళ్ళు కొందరు. పిల్లలు అన్నాచెల్లెళ్ళు కావాలంటే పెద్దవాళ్ళు మొగుడూపెళ్ళాలు కావాలి. మన వరసల్లో మూడో దారి లేదు. రాఖీ పండగనాడు పాపే ఆ చిక్కు విప్పింది. ఇద్దరు పిల్లలకూ రాఖీలు కట్టి, మర్నాటి నుంచి పెద్దన్నా, చిన్నన్నా అని పిలవడం మొదలుపెట్టింది. అత్త అత్తే, మామ మామే, అన్నలు అన్నలే. వరస కుదరలేదని వీధి నవ్వింది. పిల్లలకు బాగానే కుదిరింది.

ఎదురింట్లో అవ్వ ఉండేది. కొడుకులు చెన్నైలో, బెంగళూరులో. ఆమె మిషను మీద ఉన్నప్పుడు, అతను నిద్రలో ఉన్నప్పుడు పిల్లలు ముగ్గురూ అవ్వ దగ్గరే. ఆ ఇంట్లో వంటింటి దాకా చొరవగా వెళ్ళే బయటి మనిషి అవ్వ ఒక్కతే. వేలిముద్రలు అరిగిపోయి పింఛను ఇచ్చే ఫోన్లో పడకపోతే, ఎనిమిదో తరగతి చదివే పెద్దోడు ఆమె తరఫున సచివాలయానికి అర్జీ రాసిపెట్టాడు. వాడి చేతిరాత ముత్యాల వరస. "కావున తమరు దయతో" అని మొదలుపెట్టి రాస్తే ఏ ఆఫీసరయినా చదవాల్సిందే. వీధి చివర దీపం వెలగకపోతే కూడా వాడే రాశాడు. దీపం వెలిగింది. ఆ రోజు నుంచి వాడికి కాగితం మీద గొప్ప నమ్మకం.

2025 జనవరి 29న పొద్దున 6 గంటల 23 నిమిషాలకు శ్రీహరికోట నుంచి నూరో రాకెట్టు లేచింది. మా వీధంతా మిద్దెలెక్కింది. ఆ ఇంటి మిద్దె మీద ఐదుగురూ నిలబడి ఉన్నారు. పాపను అతను భుజం మీద ఎక్కించుకున్నాడు, చిన్నోడు ఆమె కొంగు పట్టుకున్నాడు, పెద్దోడు ఇద్దరికీ మధ్యన. తూర్పున నిప్పు కనబడ్డాక కాసేపటికి గాని ఆ ఉరుము మా దాకా రాదు. అందరూ ఆకాశంలోకి చూస్తుంటే, మా పక్కింటావిడ మాత్రం ఆ మిద్దె వైపే చూస్తూ "వాళ్ళనెవరైనా వేరేవాళ్ళంటారా?" అంది. ఆమె ఎత్తిపొడుపుగానే అంది. నేను మాత్రం ఔను, అనరు అనుకున్నాను.

ఆ చలికాలంలోనే ఒక ఆదివారం అతను ముగ్గుర్నీ టీవీఎస్ మోపెడ్ మీద ఎక్కించుకుని నేలపట్టు తీసుకెళ్ళాడు. చెరువులో నీటి కడప చెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత పెట్టే కాలం. అక్కడ ఎవరో "ముగ్గురూ నీ పిల్లలేనా?" అని అడిగితే, "ఔనండి" అన్నాడట. ఇంటికొచ్చి పెద్దోడు ఈ మాట అవ్వకు చెప్పాడు. మర్నాడు మళ్ళీ చెప్పాడు. ఒక్క "ఔను" వాడికి అంత తీపయింది.

జూన్‌లో తల్లికి వందనం డబ్బు పడింది. చదువుకునే ఒక్కో బిడ్డకూ 15,000, అందులో బడి నిర్వహణకు 2,000 పోగా తల్లి ఖాతాలో 13,000. ఇద్దరు పిల్లలకు గాను ఆమె ఖాతాలో 26,000 పడ్డాయి. పాప విషయంలో తల్లి ఆధార్, తల్లి బ్యాంకు ఖాతా కావాలన్నారు. పాప అత్త ఆధార్ జిరాక్సు తీసుకుని బడికి పోయింది. "ఈమె మీ కార్డులో లేదు గదమ్మా" అని టీచరు నెమ్మదిగానే చెప్పి పంపించింది. ఆ జిరాక్సు కాగితాన్ని పాప తన లెక్కల పుస్తకంలో దాచుకుంది. ఆమె తనకొచ్చిన దాంట్లోంచి పాపకు బూట్లు, సంచీ, కొత్త గౌను కొన్నది. పాప వేసుకుంది గానీ, కార్డు సంగతి మరిచిపోలేదు.

ఆగస్టు చివర్లో రాష్ట్రమంతటా క్యూఆర్ కోడ్‌తో స్మార్ట్ రేషన్ కార్డులు ఇవ్వడం మొదలైంది. ఆ ఇంటికీ రెండు వచ్చాయి. రెండింటి మీదా తిరుపతి జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్ నుంచి మేం తిరుపతి జిల్లావాళ్ళమే అయినా నోట్లో నెల్లూరే ఉంటుంది. పిల్లలు కార్డులు తిరగేసి చూశారు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం కార్డులో ఇంటిపెద్ద 18 ఏళ్ళు దాటిన ఆడమనిషే. అలాంటి ఆడమనిషి లేని ఇంట్లో మగవాడు పెద్ద అవుతాడు, అదీ ఆడపిల్లకు 18 నిండేదాకా. ఈ సంగతి సచివాలయంలో విని వచ్చిన అతను కూతురితో "ఇంకో తొమ్మిదేళ్ళకు నువ్వే నాకు పెద్దదానివి" అన్నాడు. "నేనెందుకు? అత్త ఉంది గదా" అంది పాప.

సెప్టెంబరులో వెల్ఫేర్ అసిస్టెంటు ఇంటికొచ్చాడు. ఫోన్ తీసి చూపించాడు. ఒకే ఇంట్లో రెండు కార్డులు ఉన్నాయని, రెండు డ్రమ్ముల్లో బియ్యం పోసుకుని ఒకటే పొయ్యి మీద వండుకుంటున్నారని, విచారించాలని అందులో ఉంది.

"ఎవరిచ్చారు?" అని ఆమె అడిగింది.

"నాకూ తెలీదక్కా. ఆఫీసులో కాగితమిస్తే ఎక్కించారంట, నాకు విచారణకు వచ్చింది. ఒకే కుటుంబమని తేలితే మీ పింఛను ఆగిపోతుంది. మీది ఒంటరి మహిళ పింఛను గదా."

2024 జూలై నుంచి ఆ పింఛను నెలకు 4,000 రూపాయలు. ఆమె వాటా అద్దె అందులోంచే పోతుంది. ఆమె ముఖం నల్లబడిపోయింది. పింఛను పోతుందన్న దిగులు ఒకటి, ఎవరో తమ వంటింటి లోపలి సంగతి బయటపెట్టారన్న మంట ఇంకొకటి. డ్రమ్ముల సంగతి వీధిలో ఎవరికీ తెలీదు. వంటింటి దాకా వచ్చే మనిషి ఒక్కతే. పైగా నెల కిందట అవ్వే అన్నది: "ఎన్నాళ్ళమ్మా ఈ రెండు డ్రమ్ములు? ఒకటి చేసుకోరాదా?"

ఆ సాయంత్రమే గడప మీద నిలబడి ఆమె అడగాల్సిన మాటలూ అడిగింది, అడగకూడని మాటలూ అడిగింది. అవ్వ నోట మాట రాలేదు. పిల్లలు ఎదురింటికి పోవడం ఆగిపోయింది. అవ్వ రోజూ సాయంత్రం మూడు గిన్నెల్లో ఏదో ఒకటి పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. చీకటిపడ్డాక ఆ గిన్నెలు లోపలికి తీసుకుపోయేది. పెద్దోడు అన్నం సరిగా తినడం లేదని ఆమె కలతపడింది. అవ్వ మీద బెంగ అనుకుంది. అతను మాత్రం "అవ్వ అట్లాంటి మనిషి కాదక్కా" అని ఒకసారి అని, ఆమె చూపు చూసి ఊరుకున్నాడు.

వారం పది రోజులు గడిచాయి. వెల్ఫేర్ అసిస్టెంటు మళ్ళీ వచ్చాడు, విచారణ నివేదిక పంపాలని. అతన్ని చూసి అవ్వ తన ఇంట్లోంచి బయటికొచ్చింది. అరచేతిలో కర్పూరం బిళ్ళ ఉంది. రెండో చేతిలో అగ్గిపెట్టె. వీధి నడుమకొచ్చి నిలబడి సూళ్ళూరుపేట దిక్కుకు తిరిగింది.

"పగలూ రాత్రీ తలుపు వేసుకోని తల్లి చెంగాళమ్మ. ఆమె సాక్షిగా చెబుతుండా. ఈ పిల్లల కూడు మీద నేను కాగితం పెట్టుంటే ఈ చెయ్యి కాలిపోవాల."

అగ్గిపుల్ల గీసింది. అరచేతిలో కర్పూరం అంటుకుంది.

పాప ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి ఆ చేతిని రెండు చేతులతో కొట్టింది. కర్పూరం మట్టిలో పడింది. "అవ్వా, వద్దు. మేమే రాసినాం. పెద్దన్న రాసినాడు, నేనూ చిన్నన్నా సంతకాలు పెట్టినాం."

వీధిలో ఎవరూ మాట్లాడలేదు. వెల్ఫేర్ అసిస్టెంటు బండి తీసుకుని సచివాలయానికి పోయి ఆ కాగితం తెచ్చాడు. రూళ్ళ కాగితం మీద నీలం సిరా, ముత్యాల వరస. అతనే పైకి చదివాడు.

"గౌరవనీయులైన సచివాలయం అధికారి గారికి నమస్కరించి వ్రాయు అర్జీ. మా ఇంట్లో ఐదుగురం ఉన్నాము. కార్డులు రెండు ఉన్నాయి. బియ్యం రెండు డ్రమ్ముల్లో పోస్తారు, వండేది ఒకటే పొయ్యి మీద, ఒకటే గిన్నెలో. విడిపోయినందుకు మా అమ్మ కోర్టు కాగితం తెచ్చింది. మా మామ స్టాంపు కాగితం తెచ్చినాడు. కలిసి ఉన్నందుకు ఏ కాగితం తేవాలో మాకు తెలియదు. తెలిపితే తెస్తాము. కావున తమరు దయతో విచారించి మా ఐదుగురినీ ఒకే కుటుంబముగా ఒకే కార్డులో వేయవలసినదిగా ప్రార్థన. ఇట్లు తమ విధేయులు." కింద మూడు సంతకాలు. మూడో సంతకం పక్కన, అక్కర లేకపోయినా, ఆమె ఆధార్ జిరాక్సు పిన్ను చేసి ఉంది.

ఆమె అవ్వ కాళ్ళ దగ్గర కూలబడింది. అవ్వ ఆమెను లేపి, పాప అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది, ఎక్కడైనా కాలిందేమోనని. అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

వెల్ఫేర్ అసిస్టెంటు మంచివాడు. గొంతు సరిచేసుకుని, చేయగలిగింది చెప్పాడు. "అక్కా, ఒకే కుటుంబమని రాయాలంటే సంబంధం గడిలో ఏదో ఒకటి రాయాల. మీ ఇద్దరికీ అక్కడ రాయడానికి ఏమీ లేదు. అర్జీ ఇట్లనే ఉంటే పింఛను ఆపేస్తారు. ఇచ్చినవాళ్ళే వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిస్తే విచారణ మూసేస్తాను. అదే చేతిరాతతో ఉంటే మంచిది."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నెల తిరిగితే అద్దె. లోపలికి పోయి నోటుబుక్కు, పెన్ను తెచ్చి పెద్దోడి ముందు పెట్టింది. ఏం రాయాలో వెల్ఫేర్ అసిస్టెంటు చెబుతుంటే, మిషను బల్ల మీద కాగితం పెట్టుకుని వాడు రాశాడు. ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు: "మేము ఐదుగురం ఒకే కుటుంబం కాము. రెండు వేర్వేరు కుటుంబములు. మాకు ఒకరితో ఒకరికి ఎటువంటి సంబంధము లేదు."

పాప సంతకం పెట్టనంది. ఇద్దరివి చాలన్నాడు వెల్ఫేర్ అసిస్టెంటు.

అక్టోబరు ఒకటో తేదీ పొద్దున్నే పింఛను 4,000 రూపాయలూ ఇంటికొచ్చాయి.